తేసొక్ అడిగిన ఎర్రకోడి

సోల్మి బడి నుంచి రాగానే ముందు పళ్ళు తోముకోవాలి. అదీ ఇంట్లో కాదు, వాకిట్లో కుళాయి దగ్గర. బడిలో మధ్యాహ్నం భోజనంలో కిమ్చీ ఊరగాయ పెడతారు. ఆ కారం, ఆ వెల్లుల్లి వాసన నోట్లో పెట్టుకుని గడప దాటితే నానమ్మ ఒక్బున్ ఊరుకోదు. మనవరాలి నోరు తెరిపించి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూస్తుంది. "ఇంకోసారి" అంటుంది. పదకొండేళ్ళ పిల్ల, పాపం, ఇంకోసారి తోముకుంటుంది. తర్వాత లోపలికి వెళ్ళి, వెచ్చటి మూల కూర్చున్న నాన్న పక్కన పుస్తకాలు పరుస్తుంది. తడి తగలకుండా కాస్త దూరంగానే.

నాన్న తేసొక్ పోయి మూడేళ్ళు కావస్తోంది.

సొక్చో రేవులో తాడు పట్టి లాగే బల్లకట్టు దాటితే వచ్చే అబాయ్ పేటలో వాళ్ళ ఇల్లు. మూడేళ్ళ కిందట, చలికాలం పోయి గాలి తిరిగే రోజుల్లో, వలలకి వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ముగ్గురు వెళ్ళారు. ఇద్దరి శవాలు దొరికాయి, తేసొక్ దొరకలేదు. దొరకనివాళ్ళకి బయల్దేరిన రోజునే తద్దినం పెడతారు. మొదటి తద్దినానికి అన్నీ పద్ధతి ప్రకారమే అమర్చారు. అన్నం, చారు, చేప, పళ్ళు, తెల్లగా ఉడికించిన కోడి. మిరపకాయ తగలనివ్వలేదు, వెల్లుల్లి తగలనివ్వలేదు. ఆ రెండూ ఉన్నచోటికి పోయినవాళ్ళు రారు, వచ్చినా నిలవరు. వచ్చేవాడి కోసం తలుపు జానెడు తెరిచిపెట్టారు. పేరు రాసిన కాగితం బల్ల మీద నిలబెట్టారు. ఆయన తినడం అయ్యాక ఆ కాగితం కాల్చాలి, కాల్చాక తలుపు వెయ్యాలి. అదీ వరస.

ఆ సాయంత్రం కొండల మీంచి గాలి విరుచుకుపడింది. కొవ్వొత్తులు రెండుసార్లు ఆరిపోయాయి. మూడోసారి వెలిగించిన సోల్మి అమ్మ హేరాన్ విసుగొచ్చి లేచి తలుపు వేసేసింది. కాగితం ఇంకా కాల్చనే లేదు. వెనక్కి తిరిగేసరికి మొగుడు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అదే నారింజరంగు రబ్బరు కోటు. చేతుల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తలుపేసేశావేమే?" అన్నాడు.

హేరాన్ పరుగున వెళ్ళి తెరిచింది గానీ, అప్పటికి దారి మూసుకుపోయింది. తద్దినానికి ఒక్కసారే దారి. అతను రెండుసార్లు లేచాడు, గడప దాకా వెళ్ళాడు, అక్కడ ఏదో అడ్డం తగిలినట్టు ఆగిపోయి తిరిగొచ్చి కూర్చున్నాడు. ఒక్బున్ కోడల్ని ఒక్క మాట అనలేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళి కారప్పొడి డబ్బా, మిరప ముద్ద జాడీ, వెల్లుల్లి జడ, కిమ్చీ కుండ, అన్నీ ఒకదాని వెంట ఒకటి పక్కింటి కాంగ్నంగ్ అక్క ఇంటికి చేరవేసింది. కొడుకు ఇంట్లో ఉన్నాడు. ఇక ఆ ఇంట్లో ఎర్రటిదేదీ ఉడకడానికి వీల్లేదు.

పేటలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. గ్యాసు మీటరు చూడ్డానికి వచ్చేవాడు "నమస్కారం అన్నా" అని తేసొక్‌ని పలకరించి, తడి నేల మీద జారకుండా చూసుకుని వెళ్ళేవాడు. బల్లకట్టు మీద ఆడవాళ్ళు హేరాన్‌ని అడిగేవాళ్ళు.

"మీ ఆయన ఎలా ఉన్నాడు?"

"తడిగానే ఉన్నాడు."

"తువ్వాళ్ళు సరిపోతున్నాయా?"

"ఏం సరిపోతాయి అక్కా, రోజుకి ఎనిమిది."

ఒక్బున్ గురించి కాస్త చెప్పాలి. చేపను చిరుధాన్యంతో కలిపి కారం పట్టించి ఊరబెట్టే పచ్చడిలో ఆమె తర్వాతే ఎవరైనా అని బజారంతా ఒప్పుకుంటుంది. అలాంటి మనిషి రెండేళ్ళుగా సొంత ఇంట్లో ముల్లంగి ఉప్పునీళ్ళు తాగుతోంది. పచ్చడి పెట్టాల్సొస్తే కాంగ్నంగ్ అక్క ఇంట్లో పెట్టి, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చేది. రోజూ బజారు నుంచి రాగానే కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని, అరికాళ్ళు రెండు చేతుల మధ్య పెట్టుకుని గంటసేపు రుద్దేది. ఆ కాళ్ళు వెచ్చబడ్డ రోజు ఒక్కటి కూడా లేదు. అయినా మర్నాడు మళ్ళీ రుద్దేది. రెండో తద్దినం నాడు తలుపు తెరవడం ఆవిడే తన చేతుల మీదుగా చేసింది. జానెడు తెరవాల్సింది, నాలుగు వేళ్ళ సందు మాత్రం ఉంచింది. అంత సందులోంచి పిల్లి కూడా పోదు. హేరాన్ చూసింది, సోల్మి చూసింది, తేసొక్ కూడా చూశాడు. ఎవరూ లేచి తలుపు ఇంకాస్త తియ్యలేదు. తప్పంతా అత్తగారిదే అనడానికి హేరాన్‌కి నోరు రాదు, ఎందుకంటే ఆ నాలుగు వేళ్ళ సందు చూసి తన గుండె కూడా కుదుటపడింది.

కానీ తేసొక్‌కి చలి. మొదట్లో కబుర్లు చెప్పేవాడు, సోల్మి చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు, టీవీలో ఆట చూసి అరిచేవాడు. రెండో ఏడు గడిచేకొద్దీ మాటలు తగ్గిపోయాయి. నేల కింద వేడినీళ్ళ గొట్టాలు ఎంత కాగినా, అతను కూర్చున్నచోట మాత్రం నేల చల్లగానే ఉండేది. దుప్పట్లు కప్పితే దుప్పట్లు తడిసేవి. అల్లం టీ పెడితే ఆవిరి మాత్రం పీల్చుకుని కప్పు అలాగే వదిలేసేవాడు. పోయినవాళ్ళు తినేది ఆవిరే కదా. ఈ శీతాకాలానికి పళ్ళు టకటకలాడటం మొదలైంది. పొద్దున్న మొదలైతే పొద్దు పోయేదాకా అదే చప్పుడు. హేరాన్ కూర తరుగుతూ ఆ చప్పుడు వినేది, బట్టలు పిండుతూ వినేది. చేసేదేమీ లేదు. నా చేతులతో నేనే తలుపు వేశాను అనుకునేది, అంతకు మించి ఆలోచన సాగేది కాదు.

మూడో తద్దినానికి ముందురోజు, ఒక్బున్ బజారుకి వెళ్ళాక, తేసొక్ నోరు విప్పాడు.

"రేపు ఆ తెల్లకోడి వద్దే."

"మరి?"

"ఎర్రది చెయ్యి. నేను చేసేవాణ్ణే, అది."

హేరాన్ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. వేట నుంచి వచ్చిన ప్రతి శనివారం తేసొక్ తనే పొయ్యి ముందు నిలబడి చేసేవాడు. రెండుసార్లు వేయించి, తీపి కారం పాకంలో దొర్లించిన కోడి ముక్కలు. బజారులో డబ్బాల్లో పెట్టి అమ్మే దాని కోసం దేశమంతా వచ్చి వరసలో నిలబడతారు, ఈయనకి మాత్రం నచ్చదు. "పాకం తాగినట్టుంది" అని తిట్టి, ఇంటికొచ్చి మూకుడు పెట్టేవాడు.

"ఏం మాట్లాడుతున్నావో తెలుసా సోల్మి నాన్నా?"

"తెలుసు."

"అది ఇంట్లోకొస్తే నువ్వుంటావా?"

"రేపు కూడా అమ్మ తలుపు నాలుగు వేళ్ళే తీస్తుంది." పళ్ళు టకటకలాడుతుండగానే, "ఎముకల్లోకి నీళ్ళు పోయాయే" అన్నాడు. "మీరంతా బానే చూసుకుంటున్నారు. అయినా చలి."

ఆ రోజంతా హేరాన్ వినపడనట్టే తిరిగింది. మర్నాడు శనివారం. అత్తగారు తద్దినానికి చేప, పళ్ళు తేవడానికి బల్లకట్టు ఎక్కగానే, కోడిని, బంగాళదుంప పిండిని బయటికి తీసింది. పక్కింటికి వెళ్ళి తలుపు కొట్టింది.

కాంగ్నంగ్ అక్క ఆమె మొహం చూసి లోపలికి రమ్మనలేదు. "ఏం కావాలి?"

"మా మిరప ముద్ద జాడీ."

"అమ్మో. మీ అత్తకి తెలుసా?"

"తెలీదు."

"తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి పచ్చడి పెడుతుంది." అంటూనే అక్క లోపలికి వెళ్ళి జాడీ తెచ్చింది. దాని మీద కారప్పొడి పొట్లం, ఒక గుప్పెడు వెల్లుల్లి పెట్టింది. "మీ ఆయనే అడిగాడా?"

హేరాన్ తల ఊపింది.

"వెళ్ళవే తల్లీ" అంది అక్క.

మూత విప్పకుండా జాడీని తెచ్చి వంటింటి గడప అవతల పెట్టింది. మూత ఉన్నంతసేపూ ఫరవాలేదు. తేసొక్ మూలనుంచే చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళకో గొంతులో కాస్త ఉత్సాహం వచ్చింది.

"పాలల్లో నానబెట్టావా?"

"పెట్టాను."

"తుడువు. బాగా తుడువు. తడి ఉంటే నూనె చిందుతుంది."

"తడి గురించి నువ్వే చెప్పాలి," అంది హేరాన్. సోల్మి కిసుక్కున నవ్వింది. తేసొక్ కూడా నవ్వాడు, కోటు మీంచి నీళ్ళు జలజలా రాలాయి.

పిండి అద్దింది. నూనె కాగాక ముక్కలు వేసింది. మొదటిసారి లేతరంగు వచ్చేదాకా మాత్రమే. తీసి జల్లెడలో ఆరబెట్టాలి, లోపలి ఆవిరి బయటికి పోవాలి, అప్పుడు రెండోసారి. అంతదాకా ఏ ఇబ్బందీ లేదు. తర్వాత చిన్న రోట్లో వెల్లుల్లి వేసి ఒక దెబ్బ వేసింది.

"అమ్మా," అంది సోల్మి, "నాన్న వెనకాల క్యాలెండరు కనిపిస్తోంది."

హేరాన్ చూసింది. నిజమే. మొగుడి ఛాతీలోంచి గోడ మీద క్యాలెండరు, దాని మీద జాలర్ల సంఘం బొమ్మ స్పష్టంగా కనిపిస్తున్నాయి. రోటి మీద మూత పెట్టేసి కిటికీ తెరిచింది. మెల్లగా క్యాలెండరు మాయమై మనిషి మళ్ళీ చిక్కబడ్డాడు. పళ్ళ చప్పుడు కూడా వెనక్కి వచ్చింది.

మళ్ళీ దంచింది. మళ్ళీ క్యాలెండరు కనిపించింది. మళ్ళీ ఆపింది. మూడోసారి రోకలి ఎత్తి, ఎత్తినట్టే పట్టుకుని నిలబడిపోయింది.

"ఆపకు," అన్నాడు తేసొక్. "ఆపితే మళ్ళీ మొదలవుతోంది."

"నా వల్ల కాదు."

"హేరాన్."

"నా వల్ల కాదయ్యా! మొదటిసారి చూసుకోక చేశాను. ఇప్పుడు చూస్తూ చూస్తూ ఎలా చెయ్యను?" రోకలి కిందపెట్టి నేల మీద కూలబడింది. జల్లెడలో ముక్కలు చల్లారిపోతున్నాయి. సోల్మి అమ్మ వైపూ నాన్న వైపూ చూసి, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక మధ్యలోనే నిలబడింది.

అదిగో, సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఒక్బున్ చేతుల్లో చేప సంచి, భుజాన పళ్ళ బుట్ట. గడప మీదే ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"వెల్లుల్లి," అంది.

సోల్మి రోటికి అడ్డంగా జరిగింది.

"ఈ ఇంట్లో వెల్లుల్లి దంచారు." బుట్ట దించలేదు. చెప్పులు విప్పలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఆ ఇంట్లోనే ముసలిదైన మనిషి, జీవితంలో మొదటిసారి చెప్పుల కాళ్ళతో లోపలికి వచ్చేసింది. జాడీ చూసింది, జల్లెడలో ముక్కలు చూసింది.

"ఏమే, సముద్రం ఒకసారి మింగింది చాల్లేదా? రెండోసారి నువ్వు నూనెలో వేయిస్తున్నావా? తలుపు వేసి వాణ్ణి పట్టుకున్నదానివి నువ్వే, ఇప్పుడు తోసేసేదీ నువ్వేనా?"

హేరాన్ తలెత్తలేదు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

"అమ్మా, అడిగింది నేను," అన్నాడు తేసొక్.

"నువ్వు నోర్ముయ్. చచ్చినవాడివి, నీకేం తెలుసు?"

"చలి తెలుసమ్మా."

ముసలామె బుట్ట దించి, కొడుకు ముందు కూర్చుని, అలవాటు ప్రకారం కాళ్ళు చేతుల్లోకి తీసుకుంది. రుద్దింది. అరచేతులు మండేలా రుద్దింది. చీలమండ దాకా రుద్దింది, పిక్కల దాకా రుద్దింది. నీళ్ళు ఆమె మోచేతుల మీదుగా కారి ఒడి తడిపేశాయి. చప్పుడల్లా కొడుకు పళ్ళదే. ఎంతసేపు రుద్దిందో గానీ, చివరికి ఆ చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. తన చేతుల్ని తనే తిప్పి చూసుకుంది. వాటిలో ఇక బలం లేదు. రెండేళ్ళుగా లేదు, ఒప్పుకోలేదంతే.

"ఇంకో ఏడాది ఉంటే అలవాటవుతుందేమోరా," అంది.

"లేదమ్మా."

ఒక్బున్ లేచింది. చెప్పులు విప్పి గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. తడిసిన చేతులు కొంగుకి తుడుచుకుని రోలు ముందు చతికిలబడింది.

"ఇది దంచడమంటారా? రెబ్బలు రెబ్బల్లాగే ఉన్నాయి. జాడీ ఇటు తే."

"అత్తయ్యా..."

"తే అన్నాను. నువ్వు వెళ్ళి వాడి పక్కన కూర్చో. నాకు మాత్రం చెప్పొద్దు. వాడు కనబడుతున్నాడా, కనబడటం లేదా, ఎవ్వరూ నాకు చెప్పొద్దు."

వీపు వాళ్ళ వైపు పెట్టి పనిలో దిగింది. వెల్లుల్లి మెత్తగా దంచింది. మూకుట్లో సోయా సాస్ పోసి, బియ్యం పాకం పోసి, మిరప ముద్ద రెండు గరిటెలు వేసింది. ఒక్కసారి ఆగి, మూడో గరిటె కూడా వేసింది. కారప్పొడి చల్లింది. పాకం బుడగలు తేలుతుంటే ఎర్రటి ఘాటు ఇల్లంతా అలుముకుంది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో అందరికీ ఒకేసారి దగ్గు వచ్చింది. రెండోసారి నూనె బాగా కాగనిచ్చి ముక్కలు వేసింది. చప్పుడు ముందు పెద్దదిగా లేచి, క్రమంగా సన్నబడి, గులకరాళ్ళు రాసుకున్నట్టు గలగలమంది. అప్పుడు తీసి పాకంలో వేసి, మూకుడు రెండు చేతులా పట్టుకుని ఎగరేసింది. వేరుశనగలు చల్లింది.

హేరాన్ మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. పట్టుకున్నట్టు తెలుస్తోంది గానీ, వేళ్ళ మధ్య తన వేళ్ళే కనిపిస్తున్నాయి. అతని మొహం ఎక్కడుందో పోల్చుకోవాలంటే కళ్ళు చికిలించాల్సి వచ్చింది. సోల్మి రెండో పక్కన తడిలోనే కూర్చుంది, ఈసారి దూరం జరగలేదు.

ఒక్బున్ పళ్ళెం తెచ్చింది. తద్దినం బల్ల మీద పెట్టలేదు. చిన్నప్పుడు పెట్టినట్టు, కొడుకు ముందు నేల మీద పెట్టింది. అప్పటికీ చూపు పళ్ళెం మీదే ఉంచింది.

"తిను. చల్లారితే పాకం గట్టిపడుతుంది."

ఒక ముక్క గాలిలోకి లేచింది. కర్ మని చప్పుడైంది. ఆవిరి పీల్చడం కాదు, నిజంగా కొరికాడు. నమిలాడు.

"అమ్మా, తీపి ఎక్కువైంది," అన్నాడు.

"నోరు మూసుకుని తిను."

అతను తిన్నాడు. తింటుంటే ముందు చెవులు ఎర్రగా తేలాయి, తర్వాత ముక్కు. ముక్కు మీద చిన్న చుక్క ఒకటి మెరిసింది. అది సముద్రపు నీళ్ళు కాదు. నుదుటి మీద ఇంకోటి, పై పెదవి మీద ఇంకోటి. హేరాన్ చూస్తూనే ఉంది. మూడేళ్ళలో మొదటిసారి ఆ మనిషికి చెమట పట్టింది.

"హబ్బా," అన్నాడు తేసొక్. కారానికి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ, రబ్బరు కోటు మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు. "ఉక్కపోస్తోందే."

తర్వాత ముక్క పళ్ళెంలో పడిన చప్పుడు వినిపించింది. హేరాన్ చేతిలో తన చెయ్యే ఉంది. తలుపు మూసే ఉంది. పళ్ళు టకటకలాడటం లేదు, ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉంటుందని వాళ్ళు మర్చిపోయారు.

"పోయాడా?" అంది ఒక్బున్, పళ్ళెం వైపే చూస్తూ.

"పోయాడు నానమ్మా," అంది సోల్మి.

ముసలామె చెయ్యి చాచి, కొడుకు సగం కొరికిన ముక్కని ఏరి తీసింది. పంటి గాట్లు అలాగే ఉన్నాయి. నోట్లో పెట్టుకుంది. తద్దినం అయ్యాక పోయినవాళ్ళు తిన్నది ఇంట్లోవాళ్ళు తినాలి, అది ఎప్పుడూ ఉన్న పద్ధతే. మెల్లగా, ఎముక దాకా, శుభ్రంగా తింది. తీపి ఎక్కువ కాలేదు. సరిగ్గానే ఉంది.

హేరాన్ కదలకుండా కూర్చుంది. ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. మొదటి ఏడాది శవం దొరకలేదని ఏడవలేదు, ఏమో, వస్తాడేమో అని. తర్వాత ఎదురుగా కూర్చుని ఉన్న మొగుడి కోసం ఏ ఆడదైనా ఎలా ఏడుస్తుంది? పేటలో ఎవరూ ఆమెని విధవ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఇప్పుడు అవునని తెలుస్తోంది, అయినా కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో మర్చిపోయినదానిలా అత్తగారి వైపు చూసింది.

ఒక్బున్ పళ్ళెంలోంచి అన్నిటికంటే ఎర్రగా ఉన్న ముక్క ఏరి, కోడలి నోటికి అందించింది.

"తిను," అంది. "తింటూ ఏడు. ఎవరైనా వచ్చి అడిగితే మా అత్త కారం ఎక్కువేసిందని చెప్పు."